ఇల్లూ బడీ – చదువులో భాగస్వామ్యం



ఈనాటి మన ప్రసంగాంశం పిల్లల చదువులో కుటుంబానికీ, పాఠశాలకూ మధ్య ఉండవలసిన భాగస్వామ్యం. ఇది పెద్దలకు చెప్పవలసిన విషయం గదా, మా అమ్మానాన్నలకో, మా మాష్టార్లకో చెప్పండి, మాకెందుకు అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మీకే చెప్పడానికి ఒక కారణం ఉంది. మీ నాన్నగారు మీ బడికి ఏడాదిలో ఒకటి రెండుసార్లు వస్తారేమో. మీ సైన్సు టీచరు మీ ఇంటికి ఒక్కసారైనా వచ్చారో లేదో మీకే తెలియాలి. ఈ రెండు చోట్లకూ ప్రతిరోజూ వెళ్లివచ్చేది మీరొక్కరే. అక్కడి మాట ఇక్కడికీ, ఇక్కడి మాట అక్కడికీ చేరాలంటే చాలావరకు మీ నోటి ద్వారానే చేరాలి. అందుకని మీతోనే మాట్లాడదాం.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. ఏడాదికి 365 రోజులు. రోజుకు 8 గంటలు నిద్రకు తీసివేస్తే మీరు మేలుకొని ఉండే గంటలు 5,840. అందులో 1,000 గంటలంటే సుమారు 17 శాతం, అంటే దాదాపు ఆరింట ఒక వంతు. మిగిలిన అయిదు వంతులు మీరు ఇంట్లోనో, వీధిలోనో, పొలం గట్టునో, దుకాణంలోనో గడుపుతున్నారు. హాస్టలు పిల్లలకు ఈ లెక్క మారుతుంది. కాని వారికి కూడా దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ఉన్నాయి గదా! ఆ అయిదు వంతుల కాలంలో మీరు నేర్చుకొనేది ఏమీ లేదని ఎవరైనా అంటే నమ్ముతారా? నమ్మరు. మరి ఆ నేర్చుకొన్నదానికి తరగతి గదిలో చోటు ఎక్కడుంది? అసలు ప్రశ్న అది.

మన ప్రాంతంలో ఇల్లూ, బడీ ఎప్పుడూ ఇంత దూరంగా లేవు. వీధిబడుల కాలంలో బడి అంటే చాలా ఊళ్లలో ఎవరో ఒకరి ఇంటి అరుగే. పంతులుగారి జీతం ప్రభుత్వం ఇచ్చేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి ధాన్యమో, డబ్బో వచ్చేది. దసరా రోజుల్లో ఆయన పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, నోట దసరా పద్యాలు. ఇంటివారు పంతులుగారికి దక్షిణ ఇచ్చి, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవారు. మీ తాతగారినో, బామ్మగారినో అడిగి చూడండి, కొందరికి ఆ పద్యాలు ఇంకా నోటికి వచ్చు. దీన్ని మనం ఒక పండుగ ముచ్చటగా మాత్రమే చెప్పుకొంటాం. విద్య దృష్టితో చూస్తే అందులో ఇంకో సంగతి ఉంది. బిడ్డ ఏం నేర్చుకొన్నాడో తల్లి తన గడపలో నిలబడి తన చెవులతో వినేది. ఆమెకు చదువు వచ్చినా రాకపోయినా వినడానికి అడ్డు లేదు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో ఉన్న బడుల లెక్క తీసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మరుసటి ఏడాది బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్టు అందులో రాశాడు. కుటుంబాలు పేదరికంలో కూరుకొని పిల్లల చదువు ఖర్చు భరించలేక, వారిని చిన్న వయసులోనే పనులకు పంపుతున్నాయని కూడా రాశాడు. అయితే ఆ కాలాన్ని తలచుకొని మురిసిపోకండి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. అంటరానివారన్న ముద్ర వేసి ఊరి అంచుకు నెట్టిన కులాల పిల్లలకు ఆ అరుగు ఎక్కే హక్కే లేదు. అప్పటి ఇల్లు–బడి భాగస్వామ్యం కొన్ని ఇళ్లతో చేసుకొన్నదే. ఇప్పటి బడి అందరిదీ. కాబట్టి ఇప్పటి భాగస్వామ్యం ఇంకా కష్టం, ఇంకా విలువైనది.

ఇక చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేసి, తల్లిదండ్రులతో విద్యా కమిటీలు ఏర్పాటు చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను పాఠశాల యాజమాన్య కమిటీ గురించి చెబుతుంది. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ప్రభుత్వ సహాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ నిబంధన వర్తించదు. మీలో చాలామంది అటువంటి బడుల్లోనే చదువుతున్నారు కాబట్టి ఇది తెలిసి ఉండడం మంచిది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. 2025 జులై 10న మళ్లీ జరిగాయి.

ఇవన్నీ మంచివే. కాని అదే చట్టంలో 24వ సెక్షను చదివితే నాకు ఒక సందేహం కలుగుతుంది. ఉపాధ్యాయుడు తల్లిదండ్రులతో తరచుగా సమావేశమై బిడ్డ హాజరు గురించి, నేర్చుకొనే శక్తి గురించి, సాధించిన ప్రగతి గురించి వారికి తెలియజేయాలని అక్కడ ఉంది. తెలియజేయాలి, బాగుంది. తల్లిదండ్రులనుంచి తెలుసుకోవాలి అన్న మాట మాత్రం అందులో లేదు. మన సమావేశాలు కూడా ఎక్కువగా అలాగే జరుగుతాయి. టీచరుగారు బల్లకు అటువైపు, తల్లి ఇటువైపు. మధ్యలో మార్కుల కార్డు. "లెక్కల్లో వీక్‌గా ఉన్నాడమ్మా, ఇంట్లో కొంచెం చదివించండి" అంటారు. ఆమె తల ఊపి, సంతకం చేసో, వేలిముద్ర వేసో వెళ్లిపోతుంది. చదవడం రాని తల్లి ఎలా చదివించాలో ఎవరూ చెప్పరు. ఆమెకు ఏం వచ్చో ఎవరూ అడగరు. ఆ బల్ల పక్కన నిలబడి ఉన్న బిడ్డకు మాత్రం ఒక పాఠం బాగా అర్థమవుతుంది. మా అమ్మకు ఏమీ తెలియదు అన్నది ఆ పాఠం. అది తప్పుడు పాఠం. ఎందుకు తప్పో కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే నగరం ఉంది. అక్కడి వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకొనే పిల్లలను కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించి, 1985లో తమ ఫలితాలు ప్రకటించారు. వారు కొనుగోలుదారుల్లా వెళ్లి ధరలు అడిగారు. ఒక కొబ్బరికాయ 35 అయితే పది ఎంత? ఆ కుర్రవాడు మూడు కాయలకు 105, ఇంకో మూడుకు 210, ఇంకో మూడుకు 315, ఇంకొకటి కలిపితే 350 అని నోటితో లెక్కగట్టి చెప్పాడు. ఇలా బజారులో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పిన పిల్లలే, అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేయగలిగారు. పరిశీలించినది అయిదుగురు పిల్లలనే. అందుకని ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మడం ఎలా అని మీరు అడిగితే, సైన్సు విద్యార్థిగా మీ సందేహం న్యాయమైనదే.

ఆ సందేహానికి మన దేశం నుంచే జవాబు వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహ పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరీక్షించి, 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. బజారు పిల్లలు 800 గ్రాముల బంగాళాదుంపలు, 1 కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు వంటి బేరాలను మనసులోనే లెక్కగట్టారు. బడిలో వాడే పద్ధతిలో ఇచ్చిన భాగహారం దగ్గర మాత్రం చాలామంది ఆగిపోయారు. ఇక రెండో సగం వినండి. బజారులో పనిచేయని బడి పిల్లలు పుస్తకం లెక్కలు మెరుగ్గా చేశారు గాని, బజారు లెక్క ఎదురైతే తడబడ్డారు. లోపం ఒకవైపే ఉంటే బజారు పిల్లలకు చదువు లేకపోవడమే కారణమని సరిపెట్టుకొనేవాళ్లం. లోపం రెండువైపులా ఉంది. ఒక్క కూడికే, కాని రెండు లోకాలు. మధ్యలో వంతెన లేదు.

ఆ వంతెన ఎలా ఉంటుందో నేను ఒక జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలో చూశాను. న్యాయనిర్ణేతల్లో నేను ఒకణ్ణి. హాలు నిండా థర్మోకోల్ అగ్నిపర్వతాలు, రంగురంగుల సౌరకుటుంబాలు. (వాటిలో సగం జిల్లా కేంద్రంలోని దుకాణాల్లో తయారుగా దొరికేవేనని మీకూ తెలుసు.) "ఇది ఎలా పనిచేస్తుందమ్మా?" అని అడిగితే కొందరు పిల్లలు పక్కన నిలబడ్డ నాన్న ముఖం వైపు చూశారు. తల్లిదండ్రుల భాగస్వామ్యమంటే బిడ్డ పని తండ్రి చేసిపెట్టడం అనుకొనే ఇళ్లు చాలా ఉన్నాయి. అది భాగస్వామ్యం కాదు, బదిలీ.

ఒక మూల తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పారదర్శకంగా ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒకటి పట్టుకొని నిలబడ్డాడు. అందులో నీళ్లున్నాయి. వాళ్ల నాన్న తాపీ మేస్త్రి. ఇల్లు కట్టేచోట ఒక మూల గోడ మీద గుర్తు పెట్టి, గొట్టం ఒక కొస అక్కడ ఆనించి, రెండో కొసను అవతలి మూలకు తీసుకుపోతే, అక్కడ నీళ్లు ఎంత ఎత్తులో నిలుస్తాయో అదే మట్టం. మధ్యలో గోడ అడ్డున్నా, మెట్లున్నా ఫర్వాలేదు. మీ భౌతిక శాస్త్రంలో ఒకదానితో ఒకటి కలిసిన పాత్రల్లో ద్రవం ఒకే మట్టంలో నిలుస్తుందని చదువుకొన్నది ఇదే. నేను ఆ అబ్బాయిని ఇంకో ప్రశ్న అడిగాను. "గొట్టంలో గాలిబుడగ ఉంటే?" వెంటనే చెప్పాడు, "మట్టం తప్పుతుంది సార్. నాన్న ముందు గొట్టం విదిలించి, వేలితో కొట్టి బుడగలు తీసేస్తాడు." "ఎందుకు తప్పుతుంది?" కాసేపు ఆలోచించాడు. నీటి స్తంభం పీడనం ఎత్తు మీద, సాంద్రత మీద ఆధారపడుతుందని పుస్తకంలో చదివాడు. నిలువుగా ఉన్న భాగంలో రెండు సెంటీమీటర్ల మేర గాలి అడ్డుపడితే అక్కడ నీళ్లు లేనట్టే. అడుగున పీడనం రెండువైపులా సమానం కావాలంటే ఆ వైపు నీళ్లు రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో నిలవాలి. నా ఎదుటే, వేళ్ల మీద లెక్కపెట్టుకొంటూ, అక్కడికి చేరాడు.

ఇందులో ఎవరి వాటా ఎంతో చూడండి. బుడగ ఉంటే మట్టం తప్పుతుందని మేస్త్రికి తెలుసు, ఎంత తప్పుతుందో లెక్కగట్టడం ఆయనకు రాదు. పీడనం సూత్రం టీచరు చెప్పారు, బుడగ సంగతి ఆ పాఠంలో లేదు. రెండూ ఆ కుర్రవాడి బుర్రలో కలిశాయి. ఆ అబ్బాయికి బహుమతి వచ్చిందా అని మీరు అడుగుతారు. రాలేదు. "ఇందులో కొత్తేముంది, తాపీ పనే గదా" అన్నది తక్కిన ఇద్దరు న్యాయనిర్ణేతల అభిప్రాయం. మూడు ఓట్లలో అతనికి పడింది ఒక్కటే. అదే మేస్త్రి పునాది గీసేటప్పుడు ఒక దారం మీద మూడడుగులు, దానికి అడ్డంగా నాలుగడుగులు కొలిచి, కొసల మధ్య అయిదడుగులు వచ్చేదాకా జరిపి మూల సరిచూస్తాడు. దాన్ని మీరు పైథాగరస్ సిద్ధాంతమని పదో తరగతిలో నిరూపిస్తారు. మేస్త్రికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆయన కట్టిన గదిలో మూల మాత్రం తొంభై డిగ్రీలే.

ఇంటి పని నుంచి పుట్టిన విజ్ఞానం ఎంతదూరం పోగలదో చింతకింది మల్లేశం గారి జీవితం చెబుతుంది. ఆయనది నేటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతంలోని శారాజీపేట. చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి వరుస కూర్చాలి. దీన్నే ఆసు పోయడమంటారు. రోజుకు రెండు చీరలకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 18,000 సార్లు ఆడించాలి. ఈ పని ఎక్కువగా స్త్రీలదే. తల్లి లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతి దశలోనే చదువు ఆగిపోయిన మల్లేశం 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారు. 1999లో అది పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి.

ఈ కథ చెప్పి "చూశారా, చదువు లేకపోయినా గొప్పవారు కావచ్చు" అంటారు కొందరు. నాకు ఆ వ్యాఖ్య నచ్చదు. ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలో ఆయన పడిన అవస్థలో మోటారు, గేరు, వేగం నిష్పత్తి వంటివి ఎన్నో బడి నేర్పగలిగినవే. ఆసు పోసే ఇంటి నుంచి ఒక కుర్రవాడు తరగతిలో కూర్చున్నాడని ఏ పాఠమైనా గమనించి ఉంటే, మీ అమ్మ చెయ్యి ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెట్టి రా అని ఎవరైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది ఊహ మాత్రమే కాదు. ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. పువ్వులను విప్పి చూడడానికి సూదులు కొనకుండా తుమ్మముళ్లు వాడిన కార్యక్రమం అది. ముల్లు ప్రతి పిల్లవాడి ఇంటి దారిలోనే దొరుకుతుంది. 2002లో ప్రభుత్వం దాన్ని మూసివేసింది గాని, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొట్టమొదటి సూత్రంగా చెప్పింది కూడా బడి చదువును బయటి జీవితంతో కలపాలనే. అమెరికాలోని టూసాన్ నగరంలో 1990 ప్రాంతంలో ఇంకో పని జరిగింది. మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్లకు టీచర్లు వెళ్లారు. ఫిర్యాదులు చెప్పడానికి కాదు, మీకేం పనులు వచ్చు అని నేర్చుకోవడానికి వెళ్లారు. ఒక పిల్లవాడు మెక్సికో మిఠాయిలు అమ్ముతాడని తెలిసిన ఒక టీచరు మిఠాయి మీదనే పాఠం నడిపింది. ఒక తల్లి తరగతికి వచ్చి మిఠాయి తయారీ చేసి చూపించింది. మీలో బి.ఇడి., డి.ఇడి. చదువుతున్నవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంటికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి వేయకండి.

ఇంతవరకు విని, ఇంట్లో వారు చెప్పేదంతా సరైనదే అనుకొంటే పొరపాటు. అతిసారం పట్టిన పసిబిడ్డకు నీళ్లు మానిపించే అలవాటు మన ఇళ్లలో చాలాకాలం ఉంది, ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. విరేచనం నీళ్లగా పోతున్నదంటే శరీరం నీరు కోల్పోతున్నది. ఇంకా నీరు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ చక్కెర, ఉప్పు కలిపిన ద్రావణాన్ని డ్రమ్ముల్లో పోయించి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. తాగించినవారు నర్సులు కారు, తల్లులూ అన్నదమ్ములూను. ఈ విషయం మీ పాఠంలో ఉంది, మీ పక్కింటి పసిబిడ్డ తల్లికి తెలియకపోవచ్చు. అక్కడికి చేర్చవలసినది మీరే. అయితే "మీకేం తెలియదు, మా పుస్తకంలో ఇలా ఉంది" అని మొదలుపెడితే ఎవరూ వినరు. నీళ్లు మానిపించడం వెనుక కూడా ఒక ఆలోచన ఉంది, లోపలికి పోనిదే బయటికి రాదని. ముందు ఆ ఆలోచనను విని, అది ఎక్కడ తప్పుతుందో చూపించాలి.

ఇక ఇంట్లో చదివించడం సంగతి. చదువుకొన్న తల్లిదండ్రులు పక్కన కూర్చొని హోంవర్కు చేయిస్తే చాలు, అంతా బాగుపడుతుందని అనుకొంటాం. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు 438 మంది మీద జరిగిన అధ్యయనంలో ఒక విచిత్రం బయటపడింది. లెక్కలంటే తమకే భయం ఉన్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకొన్నారు, భయం ఎక్కువ నేర్చుకొన్నారు. సాయంతోపాటు భయం కూడా అందుతుందన్నమాట. మరోవైపు, బీహార్, రాజస్థాన్ పల్లెల్లో తల్లులకు అక్షరాలు నేర్పడం, పిల్లలతో ఇంట్లో చేయించగల చిన్న పనులు చూపించడం అనే రెండు పద్ధతులను విడిగానూ, కలిపీ పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల లెక్కల్లో మెరుగుదల చిన్నదే, కాని నిజమైనది. తల్లికి పెద్ద చదువు లేకపోయినా బిడ్డ చదువులో పాలుపంచుకోగలదని దీనివల్ల తెలుస్తున్నది. అద్భుతాలు జరుగుతాయని మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

2020లో బడులు మూతపడి, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదటిసారిగా అమ్మా, నాయనమ్మా కూడా పాఠం విన్నారు. వంట చేస్తూ కిరణజన్య సంయోగక్రియ విన్న తల్లులు ఉన్నారు. టీవీ పాఠానికి ఒక లోపం ఉంది, అది ఎదురు ప్రశ్న వినలేదు. నేనిప్పుడు చేస్తున్నదీ అదే పని కాబట్టి ఆ లోపం నాకు బాగా తెలుసు. ఆ ప్రశ్న వినవలసింది, మరునాడు టీచరు దగ్గరికి మోసుకుపోవలసింది మీరు.

ఒక పని చెప్పి ముగిస్తాను. ఇది తరగతి మొత్తం కలిసి చేయాలి. పాలు తోడు పెట్టేటప్పుడు మీ అమ్మగారు గిన్నె బయట చెయ్యి ఆనించో, ఒక చుక్క వేలి మీద వేసుకొనో "గోరువెచ్చగా ఉంది, ఇప్పుడు వేయవచ్చు" అంటారు. ఆ క్షణంలో ఒక గ్లాసు పాలు విడిగా తీసి, వాటి ఉష్ణోగ్రత చూడండి. బడి ప్రయోగశాలలోని స్పిరిట్ థర్మామీటరు అడిగి తెచ్చుకోండి. పాదరసం ఉన్నది వద్దు, జ్వరం చూసేదీ వద్దు. కొలిచిన గ్లాసులోని పాలు తాగకండి. పెరుగు తోడుకోవడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఇంకో రెండు చిన్న గిన్నెల్లో, అమ్మగారిని అడిగి, వేలు పెట్టలేనంత వేడి పాలలో ఒక చెంచా తోడు, ఫ్రిజ్‌లోని చల్లని పాలలో ఒక చెంచా తోడు వేసి చూడండి. వేడి పాలలో పెరుగు బాక్టీరియా చనిపోతుంది, చల్లని పాలలో మందకొడిగా ఉంటుంది. ఈ రెండూ ఎలా ఉంటాయో ముందుగా ఆమెనే చెప్పమనండి, ఆమె చెప్పిన కారణం ఆమె మాటల్లోనే రాయండి.

ముప్పై ఇళ్ల నుంచి ముప్పై ‘గోరువెచ్చన’లు వస్తాయి. వాటిని నల్లబల్ల మీద గ్రాఫు గీయండి. ఎంత ఉష్ణోగ్రత దగ్గర గుంపు కట్టాయి? దూరంగా ఉన్న ఒకటి రెండు ఇళ్లలో పెరుగు ఎలా వచ్చింది? వీలైతే ఆ ఇంటి అమ్మగారిని ఒకరోజు తరగతికి పిలిచి అడగండి. ఇదే పని మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేయండి. చలికాలంలో మీ అమ్మగారు పాలు ఇంకొంచెం వేడిగా ఉండగానే తోడు వేస్తారా, లేక అదే వేడిలో వేసి గిన్నెకు గుడ్డ చుడతారా? మీ ఊహ ఏమిటో ఈరోజే నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.